ముట్టించక ముందే సగం తీర్పు

చిరంజీవి శ్రీకాంత్‌ను ఆశీర్వదించి కోరుట్ల నుంచి నీ మేనమామ రాయునది.

నీ ఉత్తరం అందింది. హైదరాబాదులో స్నేహితులతో కలిసి సిగార్లు రుచి చూడటం మొదలుపెట్టానని, ఒకటి నచ్చుతుంది, ఇంకొకటి నచ్చదు గానీ ఎందుకని అడిగితే చెప్పలేకపోతున్నానని రాశావు. బీడీల కార్ఖానాలో చాటన్ పని చేసిన మామకు ఈ సంగతి తెలిసి ఉంటుందని అడిగావు. తెలిసింది దాచకుండా రాస్తాను. పొగాకు ఒంటికి చేసే చెరుపును కూడా దాచను. రెండూ చదివి నిర్ణయం నువ్వే తీసుకో.

ముందు చాటన్ పని అంటే ఏమిటో చెప్పాలి. జగిత్యాల, కోరుట్ల చుట్టూ ఏ ఊరికి పోయినా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. సిరిసిల్లలో మగవాళ్లు మరమగ్గాల మీదికి పోతే, ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు చాట ముందు కూర్చుంటారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. వాళ్లు చుట్టి తెచ్చిన బీడీలను చూసి పనికిరానివి ఏరి తీసేవాడే చాటన్. అతను పక్కకు తీసిన ప్రతి బీడీ ఒక ఇంటి కూలిలోంచి కోత పడినట్టే. అందుకే ఆ పనికి నేను పెట్టుకున్న నియమం ఒకటే: కారణం చెప్పలేకపోతే బీడీని తీసేయకూడదు. ఆకు చిల్లి పడిందా, తంబాకు తక్కువ పడిందా, మూతి సరిగ్గా మడవలేదా, దారం జారిందా, చుట్టిన మనిషి ముఖం చూసి చెప్పగలగాలి. నీకు సిగార్ విషయంలో రానిది ఇదే. బాగుంది, బాగాలేదు అనడం ఇష్టాన్ని చెప్పడం. ఎందుకు బాగుందో చెప్పడం పోల్చడం.

ఇంకో మాట గుర్తుపెట్టుకో. చాటన్ చేసేవాడు బీడీని ముట్టించి చూడడు. కన్ను, వేళ్లు, ముక్కు, ఈ మూడింటితోనే పనంతా అయిపోతుంది. సిగార్‌లోనూ సగానికి పైగా తీర్పు నిప్పు తగలక ముందే తేలిపోతుంది. మంచికైనా చెడుకైనా కారణాలు మూడు చోట్ల ఉంటాయి: ఆకులో, చుట్టిన చేతిలో, నిల్వలో. ఏ తేడా కనిపించినా అది ఈ మూడింటిలో ఎక్కడిదో వెతకాలి.

ఆకు సంగతి ముందు. మన బీడీకి పైన చుట్టేది పొగాకు కాదు, తునికాకు. అడవిలో తునికి చెట్లను ఎండాకాలానికి ముందు కొట్టి వదిలేస్తే లేత చిగుర్లు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆకు కోసి, 50 ఆకుల కట్టలు కట్టి, కల్లంలో ఎండబెడతారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లంలో ఉండగా అకాలవర్షం పడిందంటే ఆకు మచ్చలు పడి ధర పోతుంది. లోపలి తంబాకు బయటి నుంచి వస్తుంది. కర్ణాటకలో నిపాణి, గుజరాత్‌లో చరోతర్ దానికి పేరుపడ్డవి. సిగార్‌లో అలా కాదు. లోపల, మధ్యన, పైన మూడు వరసలూ పొగాకే. లోపల నింపేవి కొన్ని ఆకులు, వాటిని పట్టి ఉంచే కట్టు ఆకు ఒకటి, అన్నిటి మీద నున్నగా కనిపించే పై ఆకు ఒకటి. క్యూబావాళ్లు లోపలి ఆకులను మొక్క మీద ఉన్న చోటును బట్టి విడదీస్తారు. కింది ఆకు వొలాడో, అది బాగా మండుతుంది. నడిమి ఆకు సేకో, వాసన దానిది. మొక్క కొసన ఎండ ఎక్కువ తగిలే ఆకు లిహేరో, ఘాటు దానిది. అది మందంగా ఉండి నెమ్మదిగా కాలుతుంది కాబట్టి మధ్యలో పెడతారు. ఇది తెలిస్తే ఒక పొరపాటు అభిప్రాయం పోతుంది. రంగు నల్లగా ఉంటే ఘాటు ఎక్కువని చాలామంది అనుకుంటారు. నలుపనేది పై ఆకును ఎక్కువకాలం మగ్గబెట్టడం వల్ల వస్తుంది, దాంతో కొంచెం తీపి కూడా రావచ్చు. ఘాటు మాత్రం ఎక్కువగా లోపల ఎంత లిహేరో వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

మన తెలుగునాట సిగార్‌కు దగ్గరి చుట్టం గోదావరి లంక పొగాకుతో చేసిన చుట్ట. వరద తెచ్చి వేసిన ఒండ్రు మీద ఆ పైరు పెరుగుతుంది. ప్రకాశం జిల్లా వర్జీనియా ఆకును సిగరెట్ల కోసం బ్యారన్లలో వేడిపెట్టి పసుపుపచ్చగా దించుతారు. అలా త్వరగా ఆరిన ఆకులో చక్కెర మిగిలిపోతుంది. లంక ఆకునూ సిగార్ ఆకునూ గాలికి నిదానంగా ఆరనిచ్చి, తర్వాత కుప్పవేసి మగ్గబెడతారు. కుప్ప లోపల వేడి పుడుతుంది. వేడి ముదిరితే విప్పి, లోపలివి బయటికి, బయటివి లోపలికి తిప్పి మళ్లీ వేస్తారు. ఆకులోని అమ్మోనియా అప్పుడే పోతుంది. అందుకని సిగార్ తెరిచిన కొసను ముక్కు దగ్గర పెట్టుకుని చూడు. కళ్లు చెమర్చే ఘాటు వాసన కొడితే ఆకు సరిగ్గా మగ్గలేదని అర్థం. దాన్ని ముట్టించి తెలుసుకోవాల్సిన పని లేదు.

మండే తీరు కూడా నేలలోంచే వస్తుంది. ఉప్పునీళ్లు పారిన చేలో పొగాకు వేస్తే ఆకులో క్లోరైడు పెరుగుతుంది. అలాంటి ఆకు మాటిమాటికీ ఆరిపోతుంది. ఊరికే ఆరిపోయే సిగార్‌ను చూసి అగ్గిపెట్టెను తిట్టడం కంటే, ఆకు ఏ నేలదో, తేమ ఎంతుందో ఆలోచించు.

రెండోది చెయ్యి. బీడీ ఆకును రాత్రే తడిపి ఉంచి, మెత్తబడ్డాక ఫర్మా అనే కొలత రేకు పెట్టి కత్తెరతో కోసి, తంబాకు పోసి, వేళ్ల మధ్య దొర్లించి చుడతారు. తంబాకు ఒకచోట ముద్దగా, ఒకచోట పల్చగా పడితే ఆ బీడీ ఒకవైపే కాలుతుంది. సిగార్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నొక్కుకుంటూ రా. గట్టిగా గడ్డకట్టినట్టున్న చోట పొగ ఆడదు. మెత్తగా దిగబడే చోట నిప్పు పరుగెత్తి పొగ వేడెక్కుతుంది. సిరిసిల్ల మగ్గం మీద పడుగు బిగువు అంతటా ఒకే తీరున ఉంటేనే గుడ్డ సరిగ్గా దిగినట్టు, సిగార్‌లో ఆ బిగువు కొస నుంచి కొసకు ఒకేలా ఉండాలి. పై ఆకు ఈనెలు లావుగా తేలాయా, చుట్టు వరుస సమంగా దిగిందా, నోట్లో పెట్టుకునే వైపు టోపీ నీటుగా అతికిందా చూడు. తర్వాత టోపీ కొంచెం కోసి, ముట్టించకుండానే గాలి లాగి చూడు. ఆ చల్లగాలిలో వచ్చే రుచి ఆకుది, అందులో నిప్పు రుచి ఇంకా కలవలేదు.

చేతి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన పార్లమెంటు 1966లో చేసిన చట్టం బీడీ కార్మికులనూ సిగార్ కార్మికులనూ ఒకే పేరు కింద చేర్చింది. సిగార్‌కు ఉంగరంలాంటి బంగారు కాగితం తొడిగినా, 25 బీడీల కట్టకు పల్చటి కాగితం చుట్టినా, లోపల ఉన్నది ఒక మనిషి రోజంతా కూర్చుని వేళ్లతో చేసిన పని. సిగార్ పట్టుకున్నప్పుడు ఆ చేతిని గుర్తుచేసుకో, తక్కువ చేసి మాట్లాడకు.

మూడోది నిల్వ. సిగార్‌కు గాలిలో తేమ 65 నుంచి 70 శాతం, వేడి 20 డిగ్రీల అటూ ఇటూ ఉండాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాలలో అల్మారాలో పడేస్తే వారం తిరక్కుండానే పై ఆకు పగులుతుంది. ఎండిన సిగార్ గబగబా కాలి చేదెక్కుతుంది. తేమ మితిమీరితే బూజు పడుతుంది. వేడి ఎక్కువైతే పొగాకు పురుగు గుడ్లు పగిలి, పై ఆకు మీద సూదిమొనంత బెజ్జాలు పడతాయి. ఒకే పెట్టెలో ఒకే కాలం ఉన్న సిగార్లనే పోల్చు. ఒకటి అంగడి నుంచి అప్పుడే తెచ్చి, ఇంకొకటి ఆరు నెలలు దాచి పోలిస్తే, నువ్వు పోల్చింది నిల్వలను, ఆకులను కాదు.

కొలత కూడా ఒకటే ఉండాలి. సిగార్ లావును అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు. 50 అని ఉంటే అడ్డకొలత దాదాపు 2 సెంటీమీటర్లు. లావు మారితే పై ఆకుకూ లోపలి ఆకుకూ ఉన్న నిష్పత్తి మారి రుచి మారుతుంది. పేరు తెలిస్తే నోరు పేరు చెప్పినట్టు వింటుంది. కాబట్టి పేరు కాగితాలు తీసేసి ఒకటి, రెండు అని అంకెలు వేయమని స్నేహితుడికి చెప్పు. కార్ఖానాలోనైనా బీడీ కట్టను ముందు చూడాలి, చుట్టిన మనిషి పాసుబుక్కులో పేరు తర్వాత చూడాలి.

ముట్టించేది ఒక్కటే. ఒకే రోజు రెండు వద్దు. రెండోదాన్ని కొన్ని వారాల తర్వాత, అదే వేళకు, అలాంటి భోజనమే చేసి చూడు. ఆ మధ్యకాలంలో మొదటిదాన్ని గుర్తుంచేది నీ నోటుబుక్కే. చింతపులుసు, పచ్చిమిర్చి తిన్న నోటితో కూర్చోకు. పక్కన మంచినీళ్లు తప్ప ఇంకేమీ పెట్టుకోకు. అగ్గిపుల్ల గంధకం వాసన పోయాక మాత్రమే కొసను వెచ్చబెట్టు. నిమిషానికి ఒక్కసారి, అంతే. పొగ నోట్లోనే నిలిపి వదిలేయాలి, గొంతు దాటకూడదు. తొందరపడితే వేడికి అన్ని సిగార్లూ ఒకే చేదు అవుతాయి. మొదటి భాగం, నడిమి భాగం విడివిడిగా రాసుకో. చివరి మూడో వంతులో తారు, నికోటిన్ పేరుకుంటాయి, అక్కడికి రాగానే పక్కన పెట్టెయ్. బూడిద చూడు: రాలకుండా నిలిచిందా, రేకులుగా ఊడిందా, ఏ రంగులో ఉంది. 1887లో వచ్చిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో ఆ డిటెక్టివ్, నేరస్థుడు కాల్చింది తిరుచిరాపల్లి చుట్ట అని బూడిదను చూసే పట్టేస్తాడు. ఆ బూడిద మన దక్షిణాది ఆకుదే.

రుచికి నీ మాటలే వాడు. పరదేశీయులు దేవదారు చెక్క, కోకో అని రాస్తారు. వాళ్ల ఇళ్లలో ఆ వాసనలు ఉన్నాయి కాబట్టి రాశారు. నీకు తెలిసినవి ఎండిన ఇప్పపూవు, వేయించిన శనగలు, తాటిబెల్లం, తొలకరికి తడిసిన మట్టి, కొత్త చెప్పుల తోలు. అవే రాయి. పక్కనే కారణం రాయి: ఆకా, చెయ్యా, నిల్వా.

ఇక చెరుపు సంగతి. పొగ మింగకపోతే భయం లేదన్న మాట నమ్మకు. గాలికి ఆరిన ఆకులో చక్కెర దాదాపు ఉండదు, దాని పొగకు క్షారగుణం ఎక్కువ. అందువల్ల నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలోకి దిగుతుంది. పెద్ద సిగార్ ఒకదానిలో ఒక సిగరెట్ ప్యాకెట్టులో ఉన్నంత పొగాకు ఉండొచ్చు. నోరు, గొంతు, అన్నవాహికలకు క్యాన్సర్ తెచ్చే గుణం దానికి ఉంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో కొందరు ఆడవాళ్లు చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు. వాళ్లకు అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ రావడాన్ని మన వైద్యులే చూసి రాశారు. తునికాకు సరిగ్గా మండదు కాబట్టి బీడీ తాగేవాడు ఆరిపోకుండా గట్టిగా లాగుతూనే ఉంటాడు. తంబాకు కొంచెమే అయినా తారు ఎక్కువ లోపలికి పోతుంది. చుట్టే ఆడవాళ్లు ముట్టించకుండానే ఆ దుమ్ము పీలుస్తూ దగ్గుతారు. ఇవన్నీ చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను: పోల్చడానికి కాకుండా తాగాలనిపించి సిగార్ వెతుక్కున్న రోజు, అది సరదా కాదు, అలవాటు. ఆ రోజే పెట్టె మూసెయ్. ఇంట్లో, పిల్లల ముందు, మా చెల్లెలి ముందు ఎప్పుడూ ముట్టించకు.

నా సలహా అడిగితే, ముట్టించకుండా చేసే పరీక్షలనే పూర్తిగా నేర్చుకో. చూడటం, నొక్కడం, వాసన పట్టడం, చల్లగాలి లాగడం: ఈ నాలుగింటితో రెండు సిగార్ల తేడా చెప్పగలిగితే నీకు ఈ విద్య వచ్చినట్టే. వేసవిలో రా, కల్లాల్లో ఆరుతున్న తునికాకును, చాటల ముందు కూర్చున్న చేతులను చూపిస్తాను. అప్పటిదాకా నోటుబుక్కులో కారణం రాయలేని సిగార్ గురించి మంచి గానీ చెడు గానీ ఎవరికీ చెప్పకు.

ఇట్లు,
నీ మేనమామ