భితర్‌కనిక వెళ్లాలంటే ముందు మొసలిని అడగాలి

పోయిన ఏడు మేము పదకొండు మందిమి భితర్‌కనికలో రెండు రాత్రులు క్యాంపు చేద్దామని పెద్ద ప్లాన్ వేశాం. పరీక్షలు అయిపోతాయి కదా అని మే మొదటి వారం అనుకున్నాం. డబ్బులు పోగుచేశాం, ఇళ్లల్లో ఒప్పించాం, రైలు టిక్కెట్లు కూడా తీశాం. తీరా బస కోసం చూస్తే పార్కు మూసేసి ఉంది! మే 1 నుంచి జూలై 31 వరకు సందర్శకుల్ని రానివ్వరట. టిక్కెట్ల మీద పోయిన డబ్బు కన్నా, "ఇదేనా మీ ప్లాను?" అని మా అమ్మ అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. థర్డ్ ఇయర్ అక్కలకి కాలేజీలో ఇదే ఆఖరి చలికాలం. అందుకే ఆ తర్వాత తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మే నెల ఎందుకు కాదు?

భితర్‌కనిక బ్రాహ్మణి, వైతరణి నదులు సముద్రంలో కలిసేచోట ఉన్న మడ అడవి. 1952 వరకు కనికా రాజుల జమీందారీలో ఉండేది. 1975లో అభయారణ్యం, 1998లో జాతీయ పార్కు అయింది. ఉప్పునీటి మొసళ్లకి పెట్టింది పేరు. ఎండాకాలం చివర తల్లి మొసలి ఆకులూ మట్టీ కుప్పచేసి గూడు కట్టి, యాభై అరవై గుడ్లు పెడుతుంది. రెండున్నర నెలలు దగ్గరే ఉండి కాస్తుంది. ఆ టైంలో ఎవరు దగ్గరికి వెళ్లినా ఊరుకోదు. మనకి సెలవులు, దానికి పురుడు!

మా అమ్మది ఒడియా, నాన్నది తెలుగు. అమ్మ మొసలిని "కుంభీర" అంటుంది. మన పాత పుస్తకాల్లో ఉన్న కుంభీరం కూడా ఇదే అని క్లాసులో తెలిశాక ఇంటికెళ్లి చెప్తే అమ్మ ఎంత సంబరపడిందో!

మరి ఎప్పుడు?

సంక్రాంతికి వెళ్దాం అన్నారు కొందరు. జనవరిలో మొసళ్ల లెక్కింపు జరుగుతుంది, ఆ కొద్దిరోజులూ పార్కు మూస్తారు. కాబట్టి డిసెంబరు మొదటి సగం మనకి మేలు. చలికి మొసళ్లు ఎండ కాగడానికి బురద గట్ల మీదకి వస్తాయి.

తేదీతో పాటు తిథి కూడా చూడాలి. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ, పాటు కూడా ఎక్కువ. అష్టమి దగ్గర రెండూ తక్కువ. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. నీరు తీసినప్పుడు గట్లు బయటపడి మొసళ్లు బాగా కనిపిస్తాయి. కానీ మరీ తీసేస్తే చిన్న కాలవల్లోకి పడవ పోదు. అందుకే పడవ ఎక్కే టైం మనం పెట్టేది కాదు, పడవవాళ్లని అడిగి తెలుసుకునేది. వాళ్లు "జువార", "భట్టా" అంటారు. పోటు, పాటు అన్నమాట.

ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి?

బరంపురం నుంచి భద్రక్ దాకా రైలు, అక్కడి నుంచి చాంద్‌బాలికి రోడ్డు, ఆపైన పడవ. బస డంగమాల్‌లో, అటవీశాఖ వాళ్ల నేచర్ క్యాంపులోనే. నచ్చిన గట్టు మీద గుడారం వేస్తామంటే కుదరదు. బుక్ చేసేటప్పుడే భోజనం కలిసి ఉందో లేదో అడగాలి. అందరూ ఐడీ కార్డులు తేవాలి.

తప్పనిసరి జాగ్రత్తలు

1. నీళ్ల అంచుకి వెళ్లకూడదు. రేవులో కాళ్లు కడగడం, పడవలోంచి చెయ్యి నీళ్లలో పెట్టడం అసలు వద్దు.
2. పడవలో లైఫ్ జాకెట్ విప్పకూడదు, ఫొటో కోసమైనా సరే.
3. దారికి పులిహోర స్టీలు డబ్బాల్లో. ప్లాస్టిక్ సంచులు వద్దు.
4. దోమల మందు, టార్చి, నిండు చేతుల బట్టలు.
5. నెలసరి డేట్ దగ్గరున్నవాళ్లు సిగ్గుపడి ఆగిపోకండి. ప్యాడ్లు, వాడినవి తిరిగి తెచ్చుకోవడానికి మూతడబ్బా పెట్టుకుంటే చాలు.

ఈసారి అమ్మని బతిమాలలేదు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి చేతికిచ్చాను. మొత్తం చదివింది. వెళ్లమనలేదు, వద్దనలేదు. గోడ మీది క్యాలెండర్ తీసి, "డిసెంబరులో అష్టమి ఎప్పుడో చూడు" అంది.

వచ్చేవాళ్లు పేర్లు ఇవ్వండి. ఇంట్లో ఒప్పుకోకపోతే నా కాగితం కాపీ చేసుకోండి.