ఇందిరమ్మ ఇంట్లో వేడినీళ్ల పైపు: ప్లాస్టరింగ్‌కు ముందే తేల్చుకోండి

ఇందిరమ్మ ఇల్లు మంజూరైన వారికి 5 లక్షల రూపాయలు పని దశలను బట్టి వస్తాయి. బేస్‌మెంట్ గురించి, స్లాబు గురించి అందరూ అడుగుతారు. వేడినీళ్ల పైపు గురించి మాత్రం గృహప్రవేశం అయ్యాకే గుర్తొస్తుంది. అప్పటికి గోడలకు ప్లాస్టరింగ్ అయిపోయి ఉంటుంది. గీజర్ ఇప్పుడే కొనకపోయినా ఫర్వాలేదు, పైపు దారి మాత్రం ఇప్పుడే అనుకోవాలి.

చిన్న ఇంట్లో కూడా వేడినీళ్లు ఆలస్యంగా ఎందుకు వస్తాయి?

గీజర్‌కూ కుళాయికీ మధ్య పైపులో నిలిచిన చల్లనీళ్లు ముందు బయటికి పోవాలి. ఇల్లు 600 చదరపు అడుగులే కావచ్చు. కానీ పైపు గోడ ఎక్కి, మూల తిరిగి, మళ్లీ కిందికి దిగితే 30 అడుగులు ఇట్టే అవుతుంది. ఆ 30 అడుగుల్లో అంగుళం పైపైతే దాదాపు 4 లీటర్లు నిలుస్తాయి, ముప్పావు అంగుళానిదైతే రెండున్నర లీటర్లు, అర అంగుళానిదైతే లీటరు పైచిలుకు. కుళాయి నిమిషానికి 4 లీటర్లు ఇస్తే, లావు పైపుతో నిమిషం ఆగాలి, సన్న పైపుతో 20 సెకన్లలోపే. పైపు కూడా వేడెక్కాలి కాబట్టి ఇంకొంచెం పడుతుంది.

"పైపు లావైతే ఫోర్స్ బాగా వస్తది" అని మేస్త్రీ అంటాడు. చల్లనీళ్ల లైనుకు అది సరైన మాటే. వేడినీళ్లకు, ఒక్క కుళాయి కోసమైతే, అర అంగుళం చాలు. రెండు కుళాయిలుంటే చీలే చోటు దాకా ముప్పావు వేసి, అక్కడి నుంచి అర అంగుళం పెట్టించండి.

కరెంటు బిల్లుతో దీనికేం పని?

పని ఉంది. కుళాయి కట్టేశాక పైపులో మిగిలిన వేడినీళ్లు అక్కడే చల్లారిపోతాయి. లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 55కు వేడి చేయాలంటే 0.035 యూనిట్ కావాలి. 4 లీటర్లు రోజుకు నాలుగుసార్లు చల్లారితే నెలకు 16, 17 యూనిట్లు ఊరికే పోయినట్టే. సన్న పైపుతో 5 యూనిట్ల లోపే. గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకానే జీరో బిల్లు. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. చలికాలంలో 190 దగ్గర ఆగే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

గీజర్ ఎక్కడ పెట్టాలి?

ముగ్గు పోసే రోజే వంటగదికీ బాత్‌రూంకీ ఒకే గోడ వచ్చేలా చూసుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. కుదరకపోతే, చిన్నచిన్నగా వాడే కుళాయికి దగ్గరగా పెట్టండి. బకెట్ స్నానానికి ముందు వచ్చే చల్లనీళ్లు ఎలాగూ తొలుపుకే పనికొస్తాయి, నష్టం లేదు. ఇబ్బంది అంతా గిన్నెలు కడిగే సింకు దగ్గర, పసిబిడ్డకు నీళ్లు పోసే చోట, తెల్లవారుజామున లేచే పెద్దవాళ్లకు. ఆ కుళాయి మరీ దూరమైతే పైపు లాగడం కన్నా అక్కడ 3 లీటర్ల చిన్న గీజర్ మేలు. అది చాలా వరకు 3 కిలోవాట్లది. దానికి విడి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్ తప్పనిసరి. మీ కనెక్షన్ లోడ్ సరిపోతుందో లైన్‌మన్‌ను అడిగి కొనండి.

సోలార్ హీటర్ పెట్టే ఆలోచన ఉంటే ట్యాంకు బాత్‌రూం నెత్తిమీదే రావాలి, డాబా అవతలి మూలన కాదు.

వేడినీళ్లకు సీపీవీసీ పైపే అడగండి. మామూలు తెల్ల పీవీసీ వేడికి మెత్తబడి జాయింట్లు వదులుతుంది. పైపుకు ఫోం తొడుగు వేస్తే మొదటిసారి నీళ్లు త్వరగా రావు, కానీ ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసేటప్పుడు వేడి నిలుస్తుంది. తొడుగు పట్టాలంటే గోడలో గాడి వెడల్పుగా కొట్టాలి, ఆ మాట ముందే చెప్పండి.

గాడి మూసే ముందు పైపుల్లో నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి కారుతున్నాయేమో చూడండి. టేపు పెట్టి కొలత కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రేపు అల్మారాకు మేకు కొట్టేటప్పుడు పైపు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని ఉండదు.