వేలం ఫ్లాట్: చౌక ధర వెనకున్న బాధ్యతలు

సమస్య

మియాపూర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్న ఒక ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు, ఆయన భార్య కలిసి పంపిన లేఖ సారాంశం ఇది. బ్యాంకు వేలాల పోర్టల్‌లో నిజాంపేటలోని ఒక రెండు పడకగదుల ఫ్లాట్ ప్రకటన వారి కంటపడింది. దాని రిజర్వు ధర 46 లక్షల 50 వేల రూపాయలు, ముందుగా కట్టవలసిన ధరావత్తు 4 లక్షల 65 వేలు. అదే అపార్ట్‌మెంట్‌లో ఖాళీగా ఉన్న ఫ్లాట్లు 58 లక్షలు పలుకుతున్నాయి. దంపతుల చేతిలో 14 లక్షల పొదుపు ఉంది, మిగిలినది గృహరుణంగా తీసుకోవాలనుకుంటున్నారు. ధరావత్తు కట్టడానికి పది రోజులే గడువుంది. ఫ్లాట్‌లో పాత యజమాని కుటుంబం ఇంకా ఉంటోంది. రెండు శాతం ముట్టజెబితే వారిని ఖాళీ చేయించి, వేలం కూడా తానే దక్కేలా చూస్తానని ఒక మధ్యవర్తి వెంటపడుతున్నాడు. అప్పు తీర్చలేక పోగొట్టుకున్నవాళ్ల ఇల్లు కొంటే వాళ్ల ఉసురు తగులుతుందని ఇంట్లో పెద్దావిడ అభ్యంతరం చెబుతున్నారు. అద్దె నెలకు 18 వేలు పోతోంది, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, ఇంత తక్కువ ధరకు మళ్లీ దొరుకుతుందా అన్న ఆత్రుత ఒకవైపు, ఉన్నదంతా పోతుందేమోనన్న భయం మరోవైపు వారిని నిలవనీయడం లేదు. వేలంలో పాల్గొనాలా వద్దా అన్నది వారి ప్రశ్న.

సలహా

బ్యాంకు వేలంలో ఇల్లు బయటి మార్కెట్ కంటే చౌకగా వస్తుందన్న మాటలో అబద్ధం లేదు. అయితే ఆ చౌకదనం ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోకుండా అడుగు వేయకూడదు. మామూలు అమ్మకంలో పత్రాలు చూపడం, పన్ను బకాయిలు తీర్చడం, ఇల్లు ఖాళీ చేసి తాళం చేతికివ్వడం అమ్మేవాడి బాధ్యతలు కాగా, వేలంలో వాటిలో అధికభాగం కొనేవాడి నెత్తికి వస్తాయి. ధరలో కనిపించే తగ్గింపు ఆ శ్రమకూ ఆ నష్టభయానికీ ముందుగానే చెల్లిస్తున్న కూలి మాత్రమే. ఆ పని చేయగల ఓపిక, డబ్బు, సమయం ఉన్నవారికి అది లాభం, లేనివారికి అప్పు మీద అప్పు.

ఇలాంటి వేలాలు 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద జరుగుతాయి. తనఖా పెట్టిన ఆస్తిని సివిల్ కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారాన్ని ఈ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. రుణం మొండి బాకీగా మారాక రుణగ్రహీతకు 60 రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ బాకీ తీరకపోతే స్వాధీన ప్రకటన వేసి, ఆ తరువాత వేలం నోటీసు ఇవ్వడం దీనిలోని క్రమం. వేలం నోటీసు వెలువడిన తరువాత బాకీ మొత్తం కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు రుణగ్రహీతకు ఉండదని సుప్రీంకోర్టు 2023లో సెలిర్ - బాఫ్నా మోటార్స్ కేసులో చెప్పింది కాబట్టి, ఆ వైపునుంచి కొనుగోలుదారుకు కొంత రక్షణ లభించింది. అయితే బ్యాంకు ఈ క్రమంలో ఎక్కడైనా తప్పటడుగు వేసిందని భావించిన రుణగ్రహీత 45 రోజులలోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌ను, అంటే డీఆర్‌టీని ఆశ్రయించవచ్చు. ట్రిబ్యునల్ వేలాన్ని రద్దు చేస్తే కొనుగోలుదారుడి డబ్బు తిరిగి రావచ్చునేమో గాని, గడిచిన కాలం తిరిగి రాదు. హైదరాబాదులోను, విశాఖపట్నంలోను ఉన్న డీఆర్‌టీలలో రుణగ్రహీత పేరుతో కేసు నడుస్తున్నదేమో వెబ్‌సైట్‌లో వెతకడం ఖర్చు లేని పని, దానిని వేలానికి ముందే చేసుకోవాలి.

వేలం నోటీసులో అందరూ ముందుగా చూసేది రిజర్వు ధర, అంటే బ్యాంకు అంతకంటే తక్కువకు అమ్మనని ప్రకటించుకున్న కనీస ధర. నిజానికి మొదట చూడవలసింది స్వాధీనం ఏ రకమైనదన్న గడి. 'భౌతిక స్వాధీనం' అని ఉంటే ఇల్లు ఖాళీ అయి తాళం బ్యాంకు దగ్గర ఉన్నట్లు. 'సింబాలిక్ స్వాధీనం' అని ఉంటే తలుపు మీద నోటీసు అంటించి, పత్రికలో ప్రకటన వేశారే తప్ప లోపల మనుషులు ఇంకా ఉన్నట్లు. ఈ దంపతులు చూసిన ఫ్లాట్ రెండో రకానిది. అందులోని వారిని ఖాళీ చేయించాలంటే బ్యాంకు చట్టంలోని 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటును గాని, చీఫ్ మెట్రోపాలిటన్ లేదా చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటును గాని కోరాలి. మేజిస్ట్రేటు ఇచ్చే ఉత్తర్వుకు చట్టం గడువు విధించినా ఆచరణలో అది నెలల తరబడి సాగడం సామాన్యం. లోపల ఉన్నది రిజిస్టరైన ఒప్పందంతో వచ్చిన అద్దెదారు అయితే చిక్కు ఇంకా పెరుగుతుంది.

నోటీసు చివర చిన్న అక్షరాలలో 'ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏమి ఉన్నది అదే' అన్న షరతు ఉంటుంది. దీని ప్రకారం గోడల పగుళ్లకే కాక, పత్రాలలోని లోపాలకూ పాత బకాయిలకూ కూడా బ్యాంకు పూచీ పడదు. 'బ్యాంకుకు తెలిసినంతవరకు ఇతర బాధ్యతలు లేవు' అన్న వాక్యం హామీ కాదు, తెలియనివి ఉండవచ్చునన్న హెచ్చరిక. కనుక సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి కనీసం 30 ఏళ్ల ఈసీని, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ధ్రువపత్రాన్ని తీసుకోవాలి. ఆస్తి రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉన్నదేమో చూడాలి. వేరే బ్యాంకు తనఖా ఉన్నదేమో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో వెతకాలి. బ్యాంకు అధీకృత అధికారిని కలిసి, లింకు దస్తావేజులు చూపమని కోరి, వాటిని స్వతంత్ర న్యాయవాదికి చూపించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మున్సిపల్ అనుమతి పొందిన ప్లాన్‌లో ఆ ఫ్లాట్ ఉన్న అంతస్తు ఉన్నదో లేదో చూసుకోవాలి. అనుమతి నాలుగు అంతస్తులకు ఉండి కట్టినది అయిదు అయితే, అయిదో అంతస్తులోని ఫ్లాట్ ఎంత చౌకగా వచ్చినా అది చౌక కాదు.

బకాయిల విషయంలో ఆస్తి పన్ను, నీటి బిల్లు, అపార్ట్‌మెంట్ సంఘానికి కట్టవలసిన నిర్వహణ రుసుము, కరెంటు బిల్లు నాలుగూ విడివిడిగా విచారించాలి. పాత యజమాని కరెంటు బాకీని నిబంధనలు అనుమతించిన చోట కొత్త యజమాని నుంచి వసూలు చేయవచ్చునని 2023లో కె.సి. నైనన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సంఘం కార్యదర్శిని కలిసి ఒక పావుగంట మాట్లాడితే బకాయి మొత్తంతో పాటు, లోపల ఎవరు ఉన్నారు, ఎంతకాలంగా ఉన్నారు అన్న సంగతి కూడా తెలుస్తుంది.

ఇక డబ్బు లెక్క. నిబంధనల ప్రకారం వేలంలో గెలిచినవారు ధరావత్తుతో కలిపి పాట ధరలో పావు వంతును అదే రోజు గాని మరుసటి పనిదినంలోగా గాని కట్టాలి, మిగిలిన ముప్పావు వంతును అమ్మకం ఖరారైన 15 రోజులలోగా చెల్లించాలి. బ్యాంకు లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే ఈ గడువును పెంచవచ్చు గాని మూడు నెలలు దాటనివ్వరు. ఫ్లాట్ 50 లక్షలకు దక్కిందనుకుంటే, మొదటి పావు వంతు 12 లక్షల 50 వేలకే దంపతుల పొదుపు దాదాపు ఖర్చయిపోతుంది. ఆపైన సుమారు ఏడున్నర శాతం స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చుల కింద 3 లక్షల 75 వేలు కావాలి, చేతిలో మిగిలేది లక్షన్నర మాత్రమే. మిగిలిన 37 లక్షల 50 వేలకు రుణం రావాలి, కానీ భౌతిక స్వాధీనం లేని ఇంటి మీద అప్పు ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి. గడువులోగా డబ్బు కట్టలేకపోతే కట్టిన పావు వంతు మొత్తం జప్తు అవుతుంది. ఆ జప్తు సబబేనని సుప్రీంకోర్టు 2024లో షణ్ముగవేలు కేసులో తీర్పు ఇచ్చింది. అంటే ఇక్కడ ప్రమాదంలో పడేది 4 లక్షల 65 వేల ధరావత్తు కాదు, ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన పన్నెండున్నర లక్షలు.

వేలంలో ఎంతవరకు వెళ్లాలో ముందే కాగితం మీద రాసుకోవాలి. మార్కెట్ ధర 58 లక్షలలో నుంచి బకాయిలకు లక్షన్నర, మరమ్మతులకు రెండు లక్షలు, ఇల్లు చేతికి రాకుండా గడిచే ఒక ఏడాదికి రుణం మీద కట్టే వడ్డీ సుమారు 3 లక్షల 20 వేలు, అదే ఏడాది కట్టక తప్పని అద్దె 2 లక్షల 16 వేలు తీసివేస్తే మిగిలేది 49 లక్షలు. న్యాయవాది ఖర్చులకు మరో లక్ష పక్కన పెడితే ఈ ఫ్లాట్‌కు హద్దు 48 లక్షలు, ఖాళీ కావడానికి రెండేళ్లు పడితే అదికూడా ఎక్కువే. ఆన్‌లైన్ వేలంలో చివరి నిమిషాలలో ఎవరైనా ధర పెంచితే సాధారణంగా మరో అయిదు నిమిషాలు గడువు పొడిగిస్తారు, దానితో ఒక్కో మెట్టు ఎక్కుతూ పోయేవారికి హద్దు గుర్తుండదు. మెక్సికో సింధుశాఖలో చమురు క్షేత్రాల వేలాలను పరిశీలించిన అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు 1971లోనే ఒక సంగతి చెప్పారు. విలువ ఎంతో ఎవరికీ కచ్చితంగా తెలియని వస్తువు వేలానికి వచ్చినప్పుడు, దానికి అందరికంటే ఎక్కువ విలువ కట్టి పొరబడినవారే గెలిచే అవకాశం ఎక్కువ అన్నది దాని సారాంశం. ఇంటి లోపలికి అడుగు పెట్టకుండానే పాడుకునే ఫ్లాట్‌కు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది.

మధ్యవర్తి మాట వినవలసిన అవసరమే లేదు. అమ్మే అధికారం బ్యాంకు అధీకృత అధికారికి తప్ప మరెవరికీ లేదు, ఆన్‌లైన్ వేలాన్ని ఒకరికి దక్కేలా 'చూసే' వెసులుబాటు ఎవరికీ ఉండదు, బెదిరించి ఖాళీ చేయించడం నేరం. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తుల కోసం 2025 జనవరిలో ప్రారంభించిన బ్యాంక్‌నెట్ పోర్టల్ వంటి అధికారిక వేదికలను పోలిన నకిలీ సైట్లు తయారు చేయడం కష్టం కాదు కనుక, నోటీసును బ్యాంకు శాఖకు వెళ్లి సరిచూసుకున్న తరువాతనే, అందులో పేర్కొన్న మార్గంలోనే ధరావత్తు కట్టాలి. వ్యక్తుల ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా పంపకూడదు.

పెద్దావిడ అభ్యంతరాన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చడం తగదు, ఎందుకంటే అది సాటి మనిషి కష్టం మీద ఉన్న కనికరం. అయితే వేలంలో వచ్చిన డబ్బు మొదట ఆ కుటుంబం బాకీకే జమ అవుతుంది. బాకీ, ఖర్చులు పోగా మిగిలితే చట్టం ప్రకారం వారికే తిరిగి ఇవ్వాలి, తక్కువపడితే ఆ లోటు కోసం బ్యాంకు మళ్లీ వారి మీదికే వస్తుంది. అందువల్ల న్యాయమైన ధరకు కొన్నవారు ఆ కుటుంబానికి అపకారం చేసినవారు కారు. అపకారం జరిగేది దౌర్జన్యంగా సామాను వీధిలో పారేయించినప్పుడు. చట్టప్రకారం బ్యాంకు ద్వారానే స్వాధీనం తీసుకుని, వారు వెళ్లడానికి తగిన వ్యవధి ఇచ్చేవారికి ఉసురు భయం అక్కర్లేదు.

కాబట్టి ఈ దంపతులకు సూటిగా చెప్పదగిన సమాధానం ఇది. ఆ ఫ్లాట్‌కే వర్తించేలా రుణ మంజూరు లేఖ, న్యాయవాది చూసి సరేనన్న ఈసీ, అనుమతి ప్లాన్, భౌతిక స్వాధీనాన్ని తామే ఇప్పిస్తామన్న బ్యాంకు లిఖితపూర్వక హామీ చేతిలో లేకుండా ధరావత్తు కట్టకూడదు. పది రోజులలో ఇవన్నీ సమకూరడం దాదాపు అసాధ్యం కనుక ఈ వేలాన్ని వదిలేయడమే మేలు. కొనేవారు రాకపోతే బ్యాంకు 15 రోజుల నోటీసుతో మళ్లీ వేలం వేయవచ్చు, రిజర్వు ధరను తగ్గించడం కూడా కద్దు. ఈలోగా రుణ అర్హతను ముందే తేల్చుకుని, భౌతిక స్వాధీనం ఉన్న ఫ్లాట్లనే ఎంచుకుని, తాళం తీయించి లోపల చూసి, రాసుకున్న హద్దు దాటకుండా పాడితే సొంత ఇల్లు అందుతుంది. ఒక వేలం చేజారినందువల్ల ఎవరూ నష్టపోరు, సిద్ధం కాకుండా గెలిచినవారే నష్టపోతారు.