పిల్లాడికి గోధుమ పడదు, ఇంట్లోవాళ్లు నమ్మరు

పెద్దారవీడు, మార్కాపురం వైపు ఇళ్లలో గోధుమకు పెద్ద వయసేమీ లేదు. జొన్న సంగటి, సజ్జ రొట్టె, కొర్రన్నం తిని పెరిగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. రాత్రిపూట చపాతీ చాలా ఇళ్లలోకి షుగర్ జబ్బు వెంట వచ్చింది. తాతను డాక్టరు అన్నం తగ్గించమన్నాడు, చపాతీ మొదలైంది, దాని వెనకే 'చపాతీ అంటే బలం' అనే నమ్మకమూ వచ్చి కూర్చుంది. అందుకే తల్లి వచ్చి పిల్లాడికి గోధుమ పడట్లేదేమోనంటే ముందు నవ్వుతారు, తర్వాత విసుక్కుంటారు. పొట్ట ఉబ్బరం, ఆగని విరేచనాలు, ఐరన్ మందు ఎంత తాగించినా పెరగని రక్తం, ఈడు పిల్లల పక్కన నిలబెడితే కనబడే పొట్టితనం. వీటన్నిటికీ ఇంట్లో రెండే మాటలు: దిష్టి తగిలింది, లేదా నులిపురుగులు.

వాళ్ల అనుమానంలో కొంత న్యాయం ఉంది. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతినే జబ్బును సీలియాక్ అంటారు. మన దేశంలో మూడు ప్రాంతాల పెద్దవాళ్లకు పరీక్షలు చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో దాన్ని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మంది రక్తంలో, దక్షిణాదిన 0.10 శాతం మంది రక్తంలో కనబడ్డాయి. అంటే మన వైపు అరుదు. తిన్నది వంటికి పట్టకపోవడానికి వేరే కారణాలు బోలెడు. కాబట్టి మొదటి పని గోధుమ మానిపించడం కాదు, పరీక్ష.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఫోన్‌లో చూసి గోధుమ ఆపేసి, నెలల తర్వాత పరీక్షకు వెళితే ఫలితం బాగానే ఉన్నట్టు రావచ్చు. అప్పుడు 'చూశావా, ఏమీ లేదన్నారు' అనేవాళ్లకు కాగితం మనమే చేతికిచ్చినట్టు. పిల్లాడు రోజూ గోధుమ తింటూ ఉండగానే టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష, దాంతోపాటు మొత్తం ఐజీఏ చేయించాలి. టీటీజీ ఎక్కువ వస్తే కడుపు డాక్టరు ఎండోస్కోపీతో పేగు ముక్క తీసి చూడాలా వద్దా చెబుతాడు. దానికి గుంటూరో హైదరాబాదో వెళ్లాల్సి రావచ్చు. రక్తంలో, పేగులో ఏమీ దొరక్కుండా గోధుమ తిన్నప్పుడల్లా బాధపడే పిల్లలూ ఉంటారు. అది సీలియాక్ కాదు, దానికంటూ ప్రత్యేక పరీక్షా లేదు. డాక్టరు కనుసన్నల్లో కొన్నాళ్లు మానిపించి, మళ్లీ పెట్టి చూసి తేల్చుకోవాలి. తిన్న కాసేపటికే దద్దుర్లు, మూతి వాపు, ఆయాసం వస్తే అది అలర్జీ. ఆ పిల్లలకు ఇంట్లో ఇలాంటి ప్రయోగాలు వద్దు.

ఆసుపత్రికి ఎవరు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. తల్లి ఒక్కతే వెళ్లి రిపోర్టు తెచ్చి చదివితే అది కోడలి మాటగానే ఉండిపోతుంది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లను, నాయనమ్మనో తాతనో, వెంట తీసుకెళ్లండి. 'ఒక్క బిస్కెట్టుకు ఏమవుతుంది?' అన్న ప్రశ్న వాళ్లనే డాక్టరును అడగనివ్వండి. సీలియాక్ అయితే ఆ ఒక్కటీ పేగుకు హాని చేస్తుందని ఆయన నోటితో వినాలి. కొత్తగా పుట్టించిన రోగమని తాత అంటే ఒక కథ చెప్పొచ్చు. 1944-45 చలికాలంలో, యుద్ధంలో ఉన్న హాలండ్‌లో రొట్టె దొరక్క జనం అలమటించారు. అదే సమయంలో ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం విల్లెం డికే అనే పిల్లల వైద్యుడు గమనించాడు. గోధుమ మీద ఆయనకు అప్పటికే ఉన్న అనుమానం దాంతో బలపడింది.

నిర్ధారణ అయ్యాక వంటింటి వేట. చపాతీ, పూరీ, బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా, మైదా బొబ్బట్లు, రస్కులు ఎవరికైనా తెలుస్తాయి. తెలియనివి చూడండి: డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమపిండి గానీ మైదా గానీ కలుపుతారు. పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. రాగి బిస్కెట్టు, రాగి సేమ్యా అని పేరు చూసి మోసపోవద్దు, వెనక పట్టీలో గోధుమో మైదానో ఉండొచ్చు. అంగన్‌వాడీ బాలామృతం పొడిలోనూ గోధుమ ఉంటుంది. బజారు మైసూరు బోండా మైదాదే, అదే నూనెలో వేసిన మిరపకాయ బజ్జీ కూడా ఈ పిల్లాడికి పనికిరాదు. గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని మన ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన. ఆ ముద్ర ఉన్నవన్నీ ఖరీదు. వాటి అవసరం కూడా మనకు పెద్దగా లేదు. వరి, జొన్న, సజ్జ, కొర్ర, రాగి, పప్పులు, అరిసెలు, సున్నుండలు, ఇవన్నీ పుట్టుకతోనే గ్లూటెన్ లేనివి.

అసలు చిక్కు పిండి మిల్లులో ఉంది. ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళతారు, వెనకే మన జొన్నలు పోస్తే మిగిలిన గోధుమపిండి అందులో కలుస్తుంది. ఇంట్లో అంత కట్టడి చేసినా పిల్లాడు ఎందుకు తేరుకోలేదని తలపట్టుకునేది ఇలాంటప్పుడే. ముందుగా కాసిని బియ్యం పట్టించి ఆ పిండి పశువులకు పెడితే కొంత నయం, పూర్తి భరోసా మాత్రం కాదు. ఇంట్లో మిక్సీలో వేసి జల్లించుకోవడమే మేలు. తిరగలి అటక మీద ఉంటే దించండి. గింజల్లో కలిసిన గోధుమలేవైనా ఉంటే ముందే చేటలో ఏరెయ్యాలి.

ఇక జొన్న రొట్టె. ఉప్పు వేసిన నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి, పిండి పోసి కలిపి మూతపెట్టండి. చెయ్యి పట్టేంత వేడి ఉండగానే అరచేతి మడమతో బాగా మర్దించాలి. చల్లారాక మర్దిస్తే అంచులు పగులుతాయి, పాత పిండైనా పగులుతాయి. పొడిపిండి చల్లుకుంటూ తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడవండి. తడి ఆరాక తిప్పి, గుడ్డతో అక్కడక్కడ అదిమితే పొంగుతుంది. పీట, అప్పడాల కర్ర, పెనం పిల్లాడికి వేరే ఉండాలి. తాతకు చపాతీ మాన్పించక్కర్లేదు, పిల్లాడి రొట్టెలు అయ్యాకే గోధుమపిండి డబ్బా తీస్తే చాలు.

ఈ రొట్టె తట్టడం చాలామంది కోడళ్లకు రాదు, అత్తలకు వచ్చు. నా లెక్కలో మొత్తం వ్యవహారానికి తాళంచెవి ఇదే. "అత్తా, నాకు చేత కావట్లేదు, మీరే తట్టి పెట్టండి" అని అడగండి. తన చేత్తో తట్టిన రొట్టె తిని మనవడు తేరుకుంటుంటే చాటుగా బిస్కెట్టు పెట్టే చెయ్యి వెనక్కి పోతుంది. వాదించి గెలిచిన కోడలికి ఆ లాభం రాదు.

గడప దాటితే ప్రసాదం దగ్గర గొడవ. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వది, వద్దంటే దేవుణ్ణి కాదన్నట్టు చూస్తారు. మీ ఇంటి వ్రతానికి బియ్యపు రవ్వతో చెయ్యమని పంతుల్ని ముందే అడగండి. వేరే ఇంట్లో అయితే కళ్లకద్దుకుని నాన్న చేతిలో పెట్టమని పిల్లాడికి నేర్పండి. రంజాన్‌కు పక్కింటి నుంచి వచ్చే షీర్ ఖుర్మాలో సేమ్యా ఉంటుంది, ఖర్జూరాలు అడిగి తెచ్చుకోవచ్చు. పెళ్లిళ్లకు డబ్బా కట్టుకెళ్లడం నామోషీ కాదు. బడి మధ్యాహ్న భోజనం ఎక్కువగా అన్నమే కాబట్టి కొంత సులువు. డాక్టరు చీటీ నకలు హెడ్మాస్టరుకిచ్చి, ఇంగువ, మిల్లులో పట్టించిన రాగి పిండి సంగతి వంట చేసే ఆమెకు విడిగా చెప్పండి.

బరువు, ఎత్తు నెలనెలా రాయండి. ఆర్నెల్లకు టీటీజీ మళ్లీ చేయిస్తే అంకె దిగుతూ ఉండాలి. దిగలేదంటే ఎక్కడో గోధుమ దూరుతోంది, చాలాసార్లు అమ్మమ్మగారి ఊళ్లో సెలవులప్పుడు. అంకె దిగాక 'ఇక నయమైంది, పెట్టొచ్చు' అంటారు. కుదరదు, సీలియాక్‌కు మందు లేదు, జీవితాంతం మానడమే.

ఇంకో పని మిగిలింది. ఈ జబ్బు రక్తసంబంధంలో నడుస్తుంది కాబట్టి పిల్లాడికి ఉందని తేలితే తోబుట్టువులకు, అమ్మానాన్నలకు కూడా అదే రక్తపరీక్ష చేయించండి, బయటికి ఏ బాధా లేకపోయినా సరే.