సిప్రోఫ్లాక్సాసిన్ అను మాత్ర

బాలానగరమున ఐ.డి.పి.యల్. అను పేరు విననివారుండరు. ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ అను ప్రభుత్వ సంస్థకు అది సంక్షేపనామము. 1961లో ఏర్పడిన యీ సంస్థ సోవియట్ సహాయముతో ఋషీకేశమున యాంటీబయాటిక్కులకును, మన బాలానగరమున రసాయన సంయోగముచే తయారగు మందులకును కర్మాగారములను నెలకొల్పెను. ఇచ్చట పనిచేసిన రసాయనజ్ఞులు కొందరు తరువాత స్వంత కర్మాగారములు స్థాపించిరి; డాక్టరు కల్లం అంజిరెడ్డిగారు వారిలో ప్రముఖులు. హైదరాబాదునకు మందుల నగరమను పేరు వచ్చుటకు ఇదియొక ముఖ్యకారణము.

అట్టి మందులలో నొకటియగు సిప్రోఫ్లాక్సాసిన్‌ను గూర్చి యిచట వ్రాయుచున్నాము. సూక్ష్మజీవిలో డి.యన్.ఏ. యను దారము దాని దేహముకంటె వందలరెట్లు పొడవైనది. అది పెనవేసికొనిపోకుండ గైరేజ్ అను ఎంజైము దారమును తెంచి, మెలిక విప్పి, మరల నతుకుచుండును. తెంచిన క్షణముననే యీ మందు దానిని పట్టుకొనును. అతుకు పడదు, సూక్ష్మజీవి చచ్చును. మన కణములలోని ఎంజైము వేరగుటచే ఆ పట్టునకు సులభముగా చిక్కదు. జలుబు వైరస్‌లో గైరేజ్ లేనేలేదు గనుక, జలుబునకు ఈ మాత్ర కొనువారు డబ్బు పోగొట్టుకొనుటయే. వైద్యుడు వ్రాసినప్పుడైనను పాలతో మ్రింగరాదు. పాలలోని కాల్షియము మందును పట్టి, రక్తమున పూర్తిగా చేరనీయదు.

గైరేజ్ స్వరూపము కొంచెము మారిన సూక్ష్మజీవిని మాత్రము మందు పట్టజాలదు. తక్కినవి చావగా అదియే పెరుగును. ఒకప్పుడు టైఫాయిడునకు దివ్యౌషధమైన యీ మాత్రను, మన దేశమున నేడు వైద్యులు ఆ జ్వరమునకు నమ్మలేకున్నారు.

మాత్రలు మ్రింగుటయే దీనికి కారణమని మేమును తలచియుంటిమి. కాని బాలానగరమునకు పడమటనున్న పటాన్‌చెరు వేరొక సంగతి తెలుపుచున్నది. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీరు అచ్చటి శుద్ధికేంద్రమునకు వచ్చుచుండెడిది. శుద్ధిచేసి విడిచిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి, లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్ కలదని 2007లో ప్రకటించిరి. మాత్ర మ్రింగిన రోగి రక్తమునగూడ అంత యుండదు! 2013లో వెలువడిన పరిశోధనలో, ఆ కేంద్రమున దొరకిన సూక్ష్మజీవులలో నూటికి 86 రకములు ఇరువదిగాని అంతకెక్కువగాని యాంటీబయాటిక్కులకు లొంగకుండెను. నాడు ఆ కేంద్రము విడిచిన నీరు ఇసుకవాగున బడి, నక్కవాగుమీదుగా మంజీరను జేరుచుండెను.