61వ స్థానం నుంచి సుప్రీం కమాండర్ దాకా

అమెరికాలోని వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీ నుంచి 1915లో 164 మంది పట్టా పుచ్చుకున్నారు. వాళ్లలో డ్వైట్ ఐసెన్‌హోవర్ అనే యువ అధికారిది 61వ స్థానం. మన ఇళ్లలో అయితే ‘ఫరవాలేదు, యావరేజ్’ అని ఊరుకునేవాళ్లు. కానీ 1926లో సైనికాధికారులు చదివే లెవెన్‌వర్త్ స్టాఫ్ కాలేజీలో ఆయనే క్లాస్ ఫస్ట్. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీపై మిత్రరాజ్యాలు చేసిన దాడికి సుప్రీం కమాండర్.

మధ్యలో ఏం జరిగింది? పనామాలో ఫాక్స్ కానర్ అనే జనరల్ దగ్గర పనిచేశాడు. కానర్ తన లైబ్రరీలోంచి యుద్ధచరిత్ర పుస్తకాలిచ్చి చదివించేవాడు, చదివాక ప్రశ్నలతో నిలదీసేవాడు: ఆ సేనాని ఆ నిర్ణయమే ఎందుకు తీసుకున్నాడు? అప్పటికి అతనికి తెలిసిందెంత? ఇంకో దారి లేదా? క్యాంపులో రోజువారీ పనులకు కూడా యుద్ధరంగంలో ఇచ్చే ఉత్తర్వుల పద్ధతిలోనే ఆర్డర్లు రాయించేవాడు. విసుగు పుట్టించే పనే. కానీ పదునంతా అక్కడే వచ్చింది.

నార్మండీ దాడికి మొదట అనుకున్న తేదీ జూన్ 5. తుపాను గాలులుంటాయని వాతావరణ అధికారి స్టాగ్ చెప్పడంతో ఒకరోజు వాయిదా వేశారు. 6న కాసేపు తెరిపి ఇస్తుందని అదే స్టాగ్ చెబితే ముందుకెళ్లారు. ఐసెన్‌హోవర్‌కు వాతావరణ శాస్త్రం రాదు. అయితే అంతకుముందు కొన్ని వారాలుగా స్టాగ్ చేత ముందస్తు అంచనాలు చెప్పించి, అవి ఎంతవరకు నిజమవుతున్నాయో గమనిస్తూ వచ్చాడు. ఎవరి మాట ఎంత నమ్మాలో తేల్చుకోవడమే పెద్ద హోదాలో అసలు తెలివి. లెక్కలు వేగంగా చేయడం దాని తర్వాతే.

మన దగ్గర సైనికాధికారుల ఎంపికలోనూ వడపోత ఇలాంటిదే. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ప్రవేశానికి రాతపరీక్షకు 900 మార్కులు, సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూకు మరో 900. ఎస్‌ఎస్‌బీ మొదటిరోజు ఉండే రీజనింగ్ పరీక్షకు ఒక మంచి ప్రాక్టీస్ పుస్తకం చాలు. దానికోసం కోచింగ్‌కు వేలు పోయడం దండగని నా అభిప్రాయం. ఎస్‌ఎస్‌బీలోనే ఉండే గ్రూప్ ప్లానింగ్ దగ్గరే మనవాళ్లు తడబడతారు. ఒకే ప్రాంతపు నమూనా మీద నాలుగైదు సమస్యలు, చేతిలో కొద్దిమంది మనుషులు, గడువు తక్కువ. బట్టీపట్టిన జవాబు అక్కడ ఇట్టే దొరికిపోతుంది. ముందు ఏది, తర్వాత ఏది, ఎందుకు అన్నదే చూస్తారు.

ఉద్యోగం వచ్చాకా చదువు వదలదు. తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ సీటుకు ఆర్మీ అధికారులు మళ్లీ పోటీపరీక్ష రాయాల్సిందే. సీనియర్ అధికారులకు మేనేజ్‌మెంట్ నేర్పే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. ఢిల్లీ నేషనల్ డిఫెన్స్ కాలేజీలో బ్రిగేడియర్లు సివిల్ అధికారుల పక్కన కూర్చుని చదువుతారు.

కానర్ చేయించిన సాధన లాంటిదే ఇంటర్, డిగ్రీ విద్యార్థులు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. పేపర్లో వచ్చిన, ఇంకా ఫలితం తేలని ఒక నిర్ణయాన్ని ఎంచుకోండి. మీరైతే ఏం చేస్తారో, ఎందుకో నోట్‌బుక్‌లో పది లైన్లు రాయండి. నెల తర్వాత తీసి చూసి, అంచనా ఎక్కడ తప్పిందో పక్కనే రాసుకోండి. తెలుగులో రాసినా ఇబ్బంది లేదు. ఎస్‌ఎస్‌బీ చర్చలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే సాగుతాయి కాబట్టి, అదే విషయాన్ని ఒక ఫ్రెండ్‌కు రెండు నిమిషాల్లో ఇంగ్లిష్‌లో చెప్పి చూడండి.