జామాయిల్ నాటే ముందు వడ్డీ లెక్క వేయండి

తొలకరి పడింది, నేల తడిసింది. మెట్ట పొలాల్లో జామాయిల్, సుబాబుల్, కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు నాటడానికి అదను ఇదే. కూలీలు దొరక్క కొందరు, పత్తి పెట్టుబడి భరించలేక కొందరు, కోతుల బాధ పడలేక మరికొందరు పొలాన్ని చెట్లకు వదిలేద్దామని చూస్తున్నారు. మొక్క ఎలా నాటాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. నాలుగేళ్ల తర్వాత చేతిలో ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూపేవాళ్లే తక్కువ. అందుకని ఈసారి ముందు లెక్క, తర్వాత సాగు.

కాగితపు కర్రకు మన దగ్గర కొనుగోలుదారులు చాలా కొద్దిమంది. సారపాకలో ఐటీసీ, రాజమహేంద్రవరంలో ఆంధ్రా పేపర్, కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు ముఖ్యమైనవి. ఒకప్పుడు మిల్లులకు అడవి నుంచే చౌకగా వెదురు, కర్ర అందేవి. 1988 జాతీయ అటవీ విధానం వచ్చాక రాయితీ ధరకు అడవి కలప ఇవ్వడం తప్పని తేల్చి, కావలసిన సరుకు రైతుల దగ్గర పండించుకోమన్నారు. భద్రాచలం క్లోన్ జామాయిల్ మన పొలాల్లోకి వచ్చింది ఆ తర్వాతే. రైతుకు ఇది మేలే చేసింది. కానీ అమ్మేవాళ్లు వేలల్లో, కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న చోట ధర ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పాలా? సిర్పూర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక గానీ మళ్లీ దారిలో పడలేదు. పైగా విదేశీ పల్పు చౌకగా దొరికితే మిల్లులు దిగుమతికి మొగ్గుతాయి, ఇక్కడి కర్ర ధర దిగుతుంది. సుబాబుల్ ధర కోసం కృష్ణా, గుంటూరు, ప్రకాశం రైతులు ఎన్నిసార్లు రోడ్డెక్కారో పాతవాళ్లకు గుర్తే.

ఇక లెక్కలోకి వద్దాం. ఇవి ఉదాహరణ అంకెలు, మీ ఊరి అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి. ఎకరానికి దున్నకం, మొక్కలు, నాటడం, మొదటి ఏడు కలుపు కలిపి 25 వేలు. రెండో ఏడు పోషణకు 5 వేలు. కౌలు ఏటా 12 వేలు. సొంత పొలమైనా కౌలు వేయాల్సిందే, ఎందుకంటే చెట్లు లేకపోతే ఆ డబ్బు మీకు వచ్చేది. నాలుగేళ్లలో పెట్టుబడి 78 వేలు. నెలకు నూటికి రూపాయి వడ్డీ చొప్పున, చక్రవడ్డీ వేయకుండానే మరో 28,200. మొత్తం 1,06,200. ఎకరానికి 40 టన్నులు దిగితే టన్నుకు 2,655 రూపాయలు చేతికి వస్తే మీ డబ్బు మీకు వచ్చినట్టు. దిగుబడి 30 టన్నులే అయితే ఆ గీత 3,540కి పోతుంది.

‘చేతికి’ అన్నాను, మిల్లు గేటు ధర అనలేదు. కొట్టుడు, తొక్క తీయడం, లోడింగు, లారీ కిరాయి, ఏజెంటు కమిషను గేటు ధరలోంచే పోతాయి. మిల్లుకు నలభై కిలోమీటర్లలో ఉన్న పొలానికి లాభమిచ్చిన తోటే నూట యాభై కిలోమీటర్ల దూరంలో నష్టమివ్వవచ్చు. కర్ర బరువైన సరుకు, కిరాయే దాన్ని తినేస్తుంది. మొక్క కొనే ముందు అడగాల్సింది నర్సరీని కాదు, మీ దారిలో కర్ర తోలే లారీ యజమానిని.

అసలు లాభం రెండో కోతలో ఉంటుంది. కొట్టిన మోడే మళ్లీ చిగురిస్తుంది కాబట్టి నాటిన ఖర్చు మళ్లీ లేదు. పై అంకెలతోనే వేస్తే, కొట్టాక మొదటి ఏడే పెట్టే 5 వేల పోషణ, కౌలు, వడ్డీ కలిపి 69,800 మాత్రమే. 40 టన్నులకు టన్నుకు 1,745 వస్తే సరిపోతుంది. కాబట్టి మొదటి కోత ధర బాగా లేదని కోపంతో దుబ్బులు పీకించడం తొందరపాటు. మోడును నేల నుంచి జానెడుకు మించకుండా, ఏటవాలుగా, తొక్క చీలకుండా రంపంతో కోయించండి. మండు వేసవిలో కొట్టకండి. చిగుళ్లు మోకాలెత్తు దాటాక దుబ్బుకు బలమైనవి రెండు ఉంచి మిగతావి తీసేయండి.

మిర్చి, టమాటాకు లేని సుఖం చెట్టుకు ఒకటుంది. ధర లేకపోతే ఆగవచ్చు. కానీ ఆగడమూ ఉచితం కాదు. చేతికి 3,500 వచ్చే ధరలో 40 టన్నుల తోట విలువ 1,40,000. ఏడాది ఆపితే దాని మీద వడ్డీ 16,800, కౌలు 12,000, వెరసి 28,800. ఆ ఏడాదిలో తోట ఎనిమిది టన్నులకు పైగా పెరిగితేనే ఆపడం దండగ కాదు. నీరున్న ఎర్రనేలలో పెరగవచ్చు, పల్చటి రాతి నేలలో కష్టం. అప్పు తెచ్చి నాటినవాళ్లకు ఈ ఓపిక ఎక్కడిది? వ్యాపారి ‘ఎకరం గుత్తకు ఇచ్చేయ్’ అని బేరం పెట్టేది వాళ్లతోనే. గుత్త వద్దు, టన్నుకే అమ్మండి. కొట్టిన రోజే కాటా వేయించండి. ఎండలో కర్ర రోజురోజుకీ బరువు తగ్గిపోతుంది. తరుగు పేరుతో ఎంత తీస్తారో ముందే రాయించుకోండి.

ఉన్న పొలమంతా ఒకేసారి నాటకండి. నాలుగెకరాలుంటే ఏటా ఒక ఎకరం చొప్పున పెడితే నాలుగో ఏటి నుంచి ఏటా ఒక కోత వస్తుంది, ఒక్క సంవత్సరపు ధరకు మొత్తం బలికాదు. జామాయిల్‌ను 3 మీటర్లు, 2 మీటర్ల ఎడంతో పెడితే ఎకరానికి సుమారు 670 మొక్కలు పడతాయి. మొదటి ఏడు వరసల మధ్య పెసర, మినుము, వేరుశనగ వేసుకుంటే కలుపు ఖర్చు కలిసొస్తుంది. ఒకే క్లోను కాక రెండు మూడు రకాలు కలపండి. ఆకు ఈనెల మీద బుడిపెలు తెచ్చే కందిరీగ జాతి పురుగు కొన్ని రకాలను గట్టిగా పట్టుకుంటుంది. సంచిలో వేళ్లు చుట్టుకుపోయిన ముదురు మొక్క ఉచితంగా ఇచ్చినా తేవద్దు. పక్కవాడి చేను వైపు కొన్ని గజాలు వదిలి కందకం తీస్తే గొడవ ఉండదు. కౌలుదారులైతే ఎన్నేళ్లు, ఎన్ని కోతలు, చెట్టు ఎవరిదన్న మాట కాగితం మీద లేకుండా ఒక్క మొక్క కూడా పెట్టవద్దు.

ఎర్రచందనం గురించి చాలామంది అడుగుతుంటారు. పట్టా భూముల్లో పెంచిన దుంగల ఎగుమతికి 2019లో కేంద్రం వీలు కల్పించిన మాట నిజం. కానీ చేవ ముదరడానికి ఇరవై ఏళ్లు, అంతకు మించి పడుతుంది. నరకడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి కావాలి, దొంగల భయం వేరే. ‘మొక్కకు ఇంత కట్టండి, పదేళ్లలో లక్షలు’ అనే ప్లాట్ల ప్రకటనలను నమ్మవద్దు. 1990లలో టేకు పేరుతో ఇలాంటి పథకాల్లో వేలమంది మునిగారు. ఇక వెదురు: పొలాల్లో పెంచినదాన్ని 2017లో అటవీ చట్టపు ‘చెట్టు’ నిర్వచనం నుంచి తీసేశారు, రవాణా చిక్కు తగ్గింది. గట్ల మీద పెట్టుకోదగ్గది.

నర్సరీలో క్లోన్ పేరు, మొక్కల సంఖ్య రాసిన రసీదు తప్పక తీసుకోండి. నాటిన సంగతి పహాణీ లేదా అడంగల్‌లో ఈ సీజనులోనే నమోదు చేయించండి. రేపు కర్ర అమ్మేటప్పుడు పొలం, తోట మీవేనని చూపడానికి అక్కరకొచ్చేది ఆ కాగితమే.